తాతగారి చుట్ట, మనుమడి ఊపిరి
(ప్రసంగ పాఠం)

మనిషి దినానికి 21,600 సార్లు ఊపిరి పీల్చి వదులుతాడని మన పెద్దలు లెక్క కట్టారు. నిమిషానికి 15 చొప్పున గంటకు 900, అహోరాత్రానికి 21,600. ఈ ఉచ్ఛ్వాస నిశ్వాసాలనే యోగశాస్త్రం అజప అన్నది. నోటితో జపించనక్కరలేని జపం అని భావం. నేటి వైద్యుడు గడియారం చేతబట్టుకొని లెక్కించినా, విశ్రాంతిగా కూర్చున్న ఆరోగ్యవంతుని విషయంలో ఈ లెక్క పెద్దగా తప్పదు. ఇన్నివేల సార్లు జరిగే పనిని మనం ఒక్కసారైనా తలచుకోము. తలచుకోవలసి వచ్చిందంటే అప్పటికే ఏదో లోపం ఏర్పడిందన్నమాట.

నా వృత్తి ఊపిరితో ముడిపడినది. మైక్రోఫోను ముందు కూర్చున్నవాడికి వాక్యం ఎక్కడ ముగుస్తుందో తెలియడం ఎంత ముఖ్యమో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియడమూ అంత ముఖ్యం. కొన్నేళ్ళ క్రితం ఒక దీర్ఘవాక్యం నడుమ, ఆగకూడని చోట, నాకు ఊపిరి చాలలేదు. శ్రోతలు గమనించారో లేదో తెలియదు గాని నేను గమనించాను. అప్పటికి సిగరెట్టు అలవాటు ఇరవై ఏళ్ళది. మానుమని ఎవరైనా చెబితే నా వద్ద ఒక జవాబు సిద్ధంగా ఉండేది: మా తాతగారు ఎనభై ఎనిమిదేళ్ళు జీవించారు, చివరివరకూ చుట్ట విడువలేదు, పొలం గట్టు మీద నడకా విడువలేదు. ఈ జవాబు చెప్పేటప్పుడు తాతగారి తమ్ముని సంగతి ఎత్తేవాణ్ణి కాను. చిన్న తాతగారిదీ అదే ఇల్లు, అదే పొగాకు. అరవయ్యో యేటికే ఆయన మంచం మీద వెల్లకిలా పడుకోలేక, వీపు వెనుక దిండ్లు ఎత్తుగా పేర్చుకొని, కూర్చునే తెల్లవార్లూ గడిపేవారు.

ఒక తల్లి బిడ్డలు, ఒకే పొగ. ఒకరికి నడక మిగిలింది, ఒకరికి నిద్ర కూడా మిగలలేదు. ఇటువంటి జంటలు దాదాపు ప్రతి వంశంలోనూ కనబడతాయి. దీనికి కారణమేమిటి? పుట్టుకతో వచ్చిన శరీరతత్వం ఎంత, పొగ ఎంత, వయస్సు ఎంత? ఈ మూడింటి సంబంధాన్ని గురించి శాస్త్రజ్ఞులు చేసిన కృషిని మనవి చేయడమే ఈ ప్రసంగ విషయం.

ఊపిరితిత్తి నిర్మాణం తలక్రిందులుగా నిలిపిన చెట్టువంటిది. గొంతు దిగువనున్న శ్వాసనాళం దాని మాను. అది రెండు కొమ్మలై, కొమ్మలు రెమ్మలై, సుమారు 23 మార్లు చీలి, చివరకు వాయుకోశాలనే అతి సన్నని బుడగలలో అంతమవుతుంది. ఈ బుడగలు 30 కోట్ల నుంచి 50 కోట్ల వరకు ఉంటాయని అంచనా. వాటి గోడలన్నిటినీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, అనగా ఒక మోస్తరు పెళ్ళిపందిరి కింద నేలంత, అవుతుంది. గాలిలోని ప్రాణవాయువు నెత్తురులో చేరేది ఈ గోడల గుండానే. ఆ గోడలలో సాగి మళ్ళీ ముడుచుకొనే పోగులు ఉన్నవి. గుడారాన్ని చుట్టూ లాగి కట్టిన తాళ్ళు నిలబెట్టినట్లు, ఈ పోగులు సన్నని నాళాలను అన్ని వైపుల నుంచీ పట్టి తెరచి ఉంచుతాయి. అవి తెగితే, గాలి లోపలికి పోతుంది గాని బయటికి వచ్చే దారి మధ్యలో మూసుకుపోతుంది. చిన్న తాతగారి బాధ అదే. ఆయనకు గాలి పీల్చడం కంటె వదలడం కష్టంగా ఉండేది.

ఊపిరి బలాన్ని కొలవవచ్చునని నిరూపించినవాడు లండన్ నగరపు వైద్యుడు జాన్ హచిన్సన్. నీటి తొట్టిలో బోర్లించిన పాత్ర, దానికొక గొట్టం. మనిషి గొట్టంలోకి ఊదితే పాత్ర పైకి లేస్తుంది. ఎంత లేచిందో చూచి గాలి పరిమాణం తెలుసుకోవచ్చును. స్పైరోమీటరు అనే ఈ సాధనంతో ఆయన రెండువేల పైచిలుకు మందిని పరీక్షించి, 1846లో ఫలితాలు ప్రకటించాడు. పొడుగరికి ఊపిరి ఎక్కువ అనీ, వయస్సుతో పాటు అది తగ్గుతుందనీ ఆనాడే ఆయన గ్రహించాడు. ఇప్పటి సాధనం అరచేతిలో ఇముడుతుంది. నిండుగా గాలి పీల్చి, బలంకొద్దీ ఒక్కసారిగా ఊదమంటారు. మొదటి సెకండులో ఎంత గాలి బయటికి వచ్చిందన్నది వైద్యునికి కావలసిన ముఖ్యమైన సంఖ్య. నాళాలు తెరుచుకొని ఉంటే ఆ సంఖ్య పెద్దది, ఇరుకైపోతే చిన్నది.

ఈ సంఖ్య బాల్యం నుంచి పెరుగుతూ పోయి ఇరవై, ఇరవైఐదేళ్ళ ప్రాయంలో శిఖరాన్ని అందుకొంటుంది. కొంతకాలం నిలకడగా ఉండి, ఆ తరువాత తగ్గనారంభిస్తుంది. పొగ తాగనివారిలోనూ తగ్గుతుంది. పోగులు కొంత సడలుతాయి, పక్కటెముకల గూడు బిగుసుకొంటుంది, కండరాలు బలం కోల్పోతాయి. ఈ తగ్గుదల పొగ తాగనివారిలో ఏడాదికి సుమారు 30 మిల్లీలీటర్లు. అంటే రెండు పెద్ద చెంచాలంత. జీవితమంతా సాగినా ఇది ఎవరికీ ఆయాసం తెప్పించదు.

ఊపిరిని గాదెలోని ధాన్యంతో పోల్చుకుంటే విషయం తేటపడుతుంది. ఇరవైఐదో యేట గాదె నిండినది. ఆ తరువాత కొత్త పంట లేదు. ఉన్నదానిని ఆయుర్దాయం పొడుగునా పొదుపుగా వాడుకోవాలి. ఉదాహరణకు ఒకని గాదెలో 3.5 లీటర్లు ఉన్నదనుకుందాం. ఏడాదికి 30 మిల్లీలీటర్ల వంతున పోతే 65వ యేటికి 2.3 లీటర్లు మిగులుతుంది. మనుమణ్ణి ఎత్తుకొని మేడమెట్లు ఎక్కడానికి అది చాలును. అదే 60 వంతున పోతే మిగిలేది 1.1 లీటర్లు. ఆ పాటి ఊపిరితో మెట్టు మెట్టుకూ ఆగవలసి వస్తుంది. 90 వంతున పోయేవాడు ఆ స్థితికి 52వ యేటనే చేరుకొంటాడు. గాదెలో పడిన పందికొక్కు వంటిది పొగ. అయితే ఆ పందికొక్కు ఒక గాదెలో ఎక్కువగా, మరొక గాదెలో తక్కువగా ఎందుకు తింటున్నది?

తింటున్నదన్న సంగతిని, అందులోని ఈ పక్షపాతాన్ని లెక్కలతో చూపినవారు ఛార్లెస్ ఫ్లెచర్, రిచర్డ్ పీటో మొదలైనవారు. వారు 1961 నుంచి ఎనిమిదేళ్ళపాటు పశ్చిమ లండన్‌లో పనిచేసుకొనే 792 మంది పురుషులను వెంబడించి, మళ్ళీ మళ్ళీ వారి ఊపిరి కొలిచారు. 1970 తరువాతి సంవత్సరాలలో ప్రకటించిన వారి ఫలితం ఇది: పొగ తాగని వారందరూ ఇంచుమించు ఒకే తీరున మెల్లగా దిగుతున్నారు. తాగేవారిలో చాలామంది వారికంటె కొంచెమే వేగంగా దిగుతున్నారు. కాని తాగేవారిలోనే మరికొందరు జారుడుబండ మీద జారినట్లు దిగిపోతున్నారు. ఈ కొందరికి పొగ పడని తత్వం ఏదో ఉన్నదని వారు భావించారు. చిత్రమేమిటంటే, జారుతున్నవాడికి తాను జారుతున్నట్లు చాలాకాలం తెలియదు. గాదెలో సగం ఖాళీ అయినా రోజువారీ పనికి సరిపోతూనే ఉంటుంది గనుక, ఆయాసం కనిపించేనాటికి సగానికి పైగా నష్టం జరిగిపోయి ఉంటుంది.

పొగ పడని తత్వం అంటే ఏమిటన్న ప్రశ్నకు మొదటి స్పష్టమైన సమాధానం అనుకోకుండా స్వీడన్ దేశంలోని మాల్మో నగరపు ప్రయోగశాలలో దొరికింది. కార్ల్ బెర్టిల్ లారెల్ అనే శాస్త్రజ్ఞుడు రోగుల నెత్తురులోని మాంసకృత్తులను విద్యుత్తు సాయంతో వేరుచేసి, చారలు చారలుగా కనబడే పట్టీలను పరిశీలిస్తుండేవాడు. సుమారు 1,500 పట్టీలలో ఐదింటిలో ఎప్పుడూ ఉండవలసిన ఒక చార లేదు. ఇటువంటి లోపాన్ని పరికరం తప్పని కొట్టివేయడం సులభం. లారెల్ కొట్టివేయలేదు. స్టెన్ ఎరిక్సన్ అనే యువవైద్యునితో కలసి ఆ ఐదుగురి వివరాలు రాబట్టగా, ముగ్గురికి చిన్నవయస్సులోనే ఊపిరితిత్తులు బాగా చెడిపోయి ఉన్నవి. 1963లో వారు ఈ సంగతి ప్రకటించారు. ఆ కనబడని చార పేరు ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్.

దాని పని తెలుసుకుంటే పొగకూ పుట్టుకకూ గల సంబంధం అద్దంలో వలె కనబడుతుంది. ఊపిరితిత్తులలో సూక్ష్మక్రిములో పొగమసో చేరినప్పుడు తెల్ల రక్తకణాలు వచ్చి పడి, వాటిని కరిగించడానికి ఎలాస్టేజ్ అనే తీక్ష్ణమైన ద్రవ్యాన్ని విడుస్తాయి. ఈ ద్రవ్యానికి స్వ పర భేదం లేదు. శత్రువుతో పాటు మన గుడారపు తాళ్ళనూ కోస్తుంది. ఆ కోతను ఆపడానికి కాలేయం తయారుచేసి పంపే కావలివాడే ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపించిన జన్యువు సంక్రమించినవారిలో ఈ కావలివాడు కాలేయంలోనే చిక్కుకొని, నెత్తురులోకి బహు కొద్దిగా వస్తాడు. ఇక పొగ చేసేది రెండు రకాల కీడు. ఒకవంక తెల్లకణాలను మరింతగా పిలిపిస్తుంది. మరొకవంక పొగలోని ద్రవ్యాలు ఉన్న కాస్త కావలివాణ్ణీ పనికిరాకుండా చేస్తాయి. దొంగలను పిలిచి, కాపలావాణ్ణి కట్టివేసినట్లయింది. అందుచేతనే ఈ లోపం గలవారిలో పొగ తాగేవారికి నలభయ్యో యేటి ప్రాంతంలోనే ఆయాసం ఆరంభమైతే, తాగనివారికి అది సగటున పది పన్నెండేళ్ళు ఆలస్యంగా వచ్చినట్లు స్వీడన్ వైద్యులు గమనించారు. జన్యువు ఒకటే. పొగ లేనందువల్ల పుష్కరకాలపు ఊపిరి మిగిలింది.

1972 నుంచి 1974 వరకు స్వీడన్‌లో పుట్టిన రెండు లక్షల మంది శిశువుల నెత్తురు పరీక్షించి, తీవ్రమైన లోపం గల 127 మందిని గుర్తించారు. బిడ్డకు పుట్టుకతోనే ఇటువంటి వార్త వినవలసి వచ్చిన తల్లిదండ్రులు తల్లడిల్లిపోయారు. ఆ కారణంగా పరీక్షలు నిలిపివేశారు. కాని ఆ పిల్లలు పెద్దవారైన తరువాత చూస్తే, తోటివారికంటె వారిలో పొగతాగుడు తక్కువగా కనబడింది. తెలిసిన భయం మేలు చేసిందనవలెనా, కీడు చేసిందనవలెనా? రెండూ చేసింది. ఈ లోపం ముఖ్యంగా ఐరోపా జాతులలో కనబడేది. మన దేశంలో అరుదు. కనుక మన ఇళ్ళలోని చిన్న తాతగార్ల కథకు ఇదొక్కటే సమాధానం కాజాలదు.

అమెరికాలోని బోస్టన్ నగరంలో మరొక మార్గంలో వెదికారు. యాభై మూడేళ్ళయినా నిండకుండా ఊపిరి బాగా చెడిన 44 మందిని, ఆల్ఫా-1 లోపం లేనివారిని, ఎంచుకొని వారి తల్లిదండ్రులనూ తోబుట్టువులనూ బిడ్డలనూ పరీక్షించారు. 1998లో వెలువడిన ఫలితం మనం జాగ్రత్తగా వినదగినది. ఆ బంధువులలో పొగ తాగేవారికి, తాగి మానినవారికి, ఇతర కుటుంబాలలోని పొగరాయుళ్ళకంటె సుమారు మూడురెట్లు ఎక్కువగా ఊపిరి లోపం కనబడింది. కాని అదే నెత్తురు పంచుకొని పుట్టి, పొగ జోలికి పోనివారు మాత్రం ఇతర కుటుంబాలలోని పొగ తాగనివారి వలెనే ఉన్నారు. విత్తనం ఇంట్లో అందరి వద్దా ఉండవచ్చును. నీరు పోసిన చోటనే మొలచింది.

ఈ విత్తనం ఒకటి కాదనీ, అనేకమనీ తరువాత తేలింది. బ్రిటన్‌లో ఐదు లక్షల మంది స్వచ్ఛందంగా తమ నెత్తురును, ఆరోగ్య వివరాలను ఒక నిధికి ఇచ్చారు. వారిలోనుంచి అతిగా పొగ తాగేవారినీ, ఎన్నడూ తాగనివారినీ, ఊపిరి బహు బాగున్నవారినీ, బహు తక్కువైనవారినీ ఏర్చి, సుమారు 50,000 మంది జన్యువులను పోల్చి 2015లో ఫలితాలు ప్రకటించారు. పొగ తాగేవారి ఊపిరి బలహీనతకు కారణమైన జన్యుభేదాలే పొగ తాగనివారి బలహీనతకూ చాలవరకు కారణాలని తెలిసింది. 2019లో సుమారు నాలుగు లక్షల మందిలో 279 చోట్ల, 2023లో ఐదు లక్షల ఎనభైవేల మందిలో వెయ్యికి పైగా చోట్ల ఇటువంటి భేదాలు గుర్తించారు. ఒక్కొక్కదాని ప్రభావం గోరంత. అన్నీ కూడితే కొండంత. ఎక్కువ చెడు భేదాలు మూటగట్టుకొన్న పదోవంతు జనానికి, తక్కువ గల పదోవంతుకంటె రోగావకాశం సుమారు ఐదురెట్లు. ఈ భేదాలలో అనేకం బాల్యంలో ఊపిరితిత్తులు ఎలా పెరగాలో నిర్ణయించేవి. పరీక్షలకు వచ్చినవారిలో అత్యధికులు ఐరోపా జాతులవారు. మనవంటివారి పాలు స్వల్పం. కనుక ఈ లెక్కలను మన ఇంటికి ఉన్నవున్నట్లుగా అన్వయించుకోరాదు.

మరొక జన్యువు మరీ గడుసుది. 2008లో గుర్తించిన ఈ భేదం మెదడులో నికోటిన్ వచ్చి తగులుకొనే చోటుకు సంబంధించినది. ఇది గలవారు అలవాటు పడ్డాక దినానికి ఒకటి రెండు సిగరెట్లు ఎక్కువ తాగుతారు. మానడం వారికి మరింత కష్టం. అంటే పుట్టుక ఊపిరిని మాత్రమే గాక, చేతిలో సిగరెట్టు ఎంతసేపు నిలుస్తుందన్నదానిని సైతం కొంత నిర్ణయిస్తున్నది. మానలేకపోతున్న వారిని మనోబలం లేనివారని ఈసడించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

గాదె పోలికలో ఇంకొక అంశం మిగిలి ఉన్నది. ఊపిరి తరిగిపోయిన వారందరి గాదెలూ మొదట నిండుగా ఉన్నవేనా? కావు. అమెరికా, డెన్మార్క్ దేశాలలో దశాబ్దాల తరబడి వెంబడించిన ప్రజల లెక్కలు 2015లో సరిచూడగా, వృద్ధాప్యంలో రోగగ్రస్తులైన వారిలో ఇంచుమించు సగంమంది యౌవనంలోనే తక్కువ ఊపిరితో బయలుదేరినవారని తేలింది. వారిలో తగ్గుదల వేగం మామూలే; గాదెయే చిన్నది. అది చిన్నదవడానికి జన్యువులు ఒక కారణం. గర్భిణి పీల్చిన పొగ, నెలలు నిండకుండా పుట్టడం, పసితనంలో వచ్చిన నిమ్ము, ఇంట్లో పెద్దలు వదలిన పొగ మరికొన్ని కారణాలు. ఇక్కడ మన వంటింటిని తలచుకోక తప్పదు. చుట్ట ముట్టని మన అమ్మమ్మలు తడికట్టెల పొయ్యి ముందు ఊదుగొట్టంతో ఊదుతూ, చంకన బిడ్డతో, గంటల తరబడి పీల్చినది కూడా పొగే. వారిలో ఎందరికో వచ్చిన దగ్గునూ ఆయాసాన్నీ వయస్సు పెట్టే బాధ అనుకొని సరిపెట్టుకొన్నాము. నేడు గ్యాసు పొయ్యి వచ్చిన ఇంట ఆ పొగ తగ్గింది. కానీ ముందు గదిలో కూర్చొని సిగరెట్టు తాగే తండ్రి, ఆ ఇంటి పసిబిడ్డ గాదెను నిండకముందే కొలుచుకొంటున్నాడు.

ఇంకా కొందరు చుట్టకూ సిగరెట్టుకూ భేదం చెబుతారు. భేదం ఉన్న మాట నిజం. చుట్ట పొగ క్షారగుణం కలది. నికోటిన్ నోటిలోనే ఇంకిపోతుంది. చాలామంది దానిని లోతుగా పీల్చరు. గుంటూరు సీమలో 1920 తరువాత వ్యాపించిన వర్జీనియా పొగాకును బ్యారన్లలో వేడిగాలితో ఆరబెడతారు. దాని పొగ ఆమ్లగుణం కలది. ఛాతీ నిండా పీలిస్తే గాని నికోటిన్ ఒంటబట్టదు. కనుక తాతగారి రెండు చుట్టలనూ మనుమడి పది సిగరెట్లనూ ఒకే తక్కెడలో తూచరాదు. అంతమాత్రాన చుట్ట సాధువు కాదు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాన కొందరు స్త్రీలు నిప్పుకొసను నోటిలో పెట్టుకొని తాగే అడ్డపొగ అంగిటికి ఎంత హాని చేస్తుందో మన వైద్యులే ప్రపంచానికి వెల్లడించారు. బీడీ సైతం చిన్నదని నమ్మదగినది కాదు. తునికాకు తనంతట సరిగా మండదు. ఆరిపోకుండా మాటిమాటికి బలంగా లాగవలసి వస్తుంది.

పుట్టుక, పరిసరం అనే ఈ సమస్యను చాలా ముందుగా ఊహించినవాడు ఒకడున్నాడు. ఆయన జె. బి. ఎస్. హాల్డేన్. గనులలోని విషవాయువులను పరిశోధించిన తండ్రి వెంట బాల్యం నుంచే శ్వాసప్రయోగాలు చేసినవాడు. 1938లో వ్రాసిన గ్రంథంలో ఆయన కుమ్మరి కార్ఖానాల పనివారికి వచ్చే దగ్గుజబ్బును ప్రస్తావించాడు. దుమ్ము అందరూ పీలుస్తున్నా చనిపోయేవారు కొందరే గనుక, ఆ కొందరికి పుట్టుకతో వచ్చిన బలహీనత ఉండవచ్చునన్నాడు. అదే నిజమైతే అటువంటివారిని ఆ పనిలో చేర్చుకోకుండా రోగాన్ని నివారించవచ్చునన్నాడు. ఆయన 1957లో మన దేశానికి వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరంలో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని విద్యార్థుల అధ్యయనం కోసం కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. జన్యుశాస్త్రంలో అంతటివాని భౌతికకాయం చివరకు తెలుగునేలకు చేరింది.

హాల్డేన్ ఊహ మొదటి భాగం నిజమైనది. రెండవ భాగం మనలను ఆలోచింపజేస్తుంది. దుమ్ము పడనివాణ్ణి పనిలోనుంచి తీసివేయడమా, దుమ్మునే తీసివేయడమా? కార్ఖానా విషయంలో ఈ ప్రశ్నకు యజమాని ఖర్చు అడ్డువస్తుంది. పొగాకు విషయంలో అటువంటి చిక్కు లేదు. పొగ లేకపోతే ఆగిపోయే పని ప్రపంచంలో ఒక్కటీ లేదు.

ఇప్పుడు తాతగారి సంగతికి వద్దాం. ఆయన ఎనభై ఎనిమిదేళ్ళు జీవించడం నిజమే. ఆయన వద్ద మంచి జన్యువుల మూట ఉండి ఉండవచ్చును. పెద్ద గాదె ఉండి ఉండవచ్చును. ఆ మూటలో సగం పాలు మా నాన్నగారికి, అందులో సగం నాకు వచ్చి ఉంటుంది. తక్కిన పాలు వచ్చినది ఇతర ముత్తవ్వల, ముత్తాతల నుంచి. ఏ సగం వచ్చిందో నాకు తెలియదు. మా ఇంట ఒక తాతగారు ఉన్నారన్న సత్యం ఎంత గట్టిదో, ఒక చిన్న తాతగారు ఉన్నారన్న సత్యం అంతే గట్టిది. కోపెన్‌హేగెన్ నగరంలో 25 సంవత్సరాలు సాగిన పరిశీలనలో, మొదట ఆరోగ్యంగా ఉండి పొగ మానని వారిలో నూటికి కనీసం 25 మందికి చెప్పుకోదగిన ఊపిరి రోగం వచ్చినట్లు 2006లో తెలిపారు. తక్కినవారు గెలిచినట్లు కాదు. గుండెకూ మెదడుకూ పొగ చేసే హాని, ఊపిరితిత్తుల కాన్సరు వారిని వదలిపెట్టవు. పైగా తాతల లెక్కలో ఒక మోసం ఉన్నది. దీర్ఘాయుష్మంతులైన తాతలను మనుమలు చూస్తారు. నలభై ఐదో యేట పోయినవారు ఏ మనుమనికీ ఉదాహరణగా మిగలరు.

మరి ఇరవై ఏళ్ళు తాగినవాడు ఇప్పుడు మాని ప్రయోజనమేమి? ఈ ప్రశ్నకు చక్కని సమాధానం ఉన్నది. 1986లో అమెరికా, కెనడా దేశాలలో, ఊపిరి కొద్దిగా తగ్గుముఖం పట్టిన 5,887 మంది పొగరాయుళ్ళతో ఒక బృహత్ పరిశోధన ప్రారంభించారు. పదకొండేళ్ళ తరువాత చూడగా, మానని పురుషులు ఏడాదికి 66 మిల్లీలీటర్లు కోల్పోతుంటే, మానినవారు 30 మాత్రమే కోల్పోతున్నారు. స్త్రీలలో ఈ సంఖ్యలు 54, 22. పోయిన ధాన్యం తిరిగి రాలేదు. కాని పందికొక్కు పోయింది. ఇక మిగిలినది వయస్సు తీసుకొనే మామూలు వాటా. సడలిన జన్యువులు గలవారికి ఈ లాభం మరీ ఎక్కువ, ఏలనంటే వారి నష్టమే ఎక్కువ గనుక. బ్రిటిష్ వైద్యులను యాభై ఏళ్ళు వెంబడించిన రిచర్డ్ డాల్, పీటో ప్రభృతులు 2004లో చెప్పిన లెక్క కూడా ఇటువంటిదే. అరవయ్యో యేట మానినవారికి సుమారు 3, యాభైలో మానినవారికి 6, నలభైలో మానినవారికి 9, ముప్పైలో మానినవారికి 10 సంవత్సరాల ఆయుస్సు కలిసివచ్చింది.

ఇంగ్లండులో 561 మంది పొగరాయుళ్ళ ఊపిరి కొలిచి, సగంమందికి ఫలితాన్ని అంకెలలో మాత్రమే తెలిపారు. తక్కిన సగంమందికి, నీ ఊపిరితిత్తుల వయస్సు ఇంత అని చెప్పారు. ఏడాది గడిచాక, అంకెలు విన్నవారిలో నూటికి 6 మంది మానితే, వయస్సు విన్నవారిలో నూటికి 13 మందికి పైగా మానారు. 2008లో ప్రకటించిన ఈ వార్త చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. ఊపిరి చాలని ఆ వాక్యం తరువాత నేను పరీక్షకు వెళ్ళినప్పుడు, వైద్యుడు కాగితం మీద నా వయస్సు 41 అని వ్రాసుకొని, గొట్టంలో ఊదించి, ఊపిరితిత్తుల వయస్సు 58 అన్నాడు. ఆ క్షణాన నాకు తాతగారు జ్ఞాపకం రాలేదు. దిండ్లకు ఆనుకొని కూర్చున్న చిన్న తాతగారు జ్ఞాపకం వచ్చారు.

మానడం ఒక్క ప్రయత్నంతో కాలేదు. మూడవసారికి వైద్యుని సలహాతో, మందు సహాయంతో అయినది. పోయిన పదిహేడేళ్ళను ఎవరూ తిరిగి ఇవ్వలేదు. దీర్ఘవాక్యాలు వచ్చినప్పుడు ముందుగానే పెన్సిలుతో గీత గీసుకొని, అక్కడ ఊపిరి తీసుకుంటాను. అయితే మూడేళ్ళుగా ఆ గీతలు దగ్గర పడలేదు. మా అబ్బాయికి ఇప్పుడు పద్దెనిమిదేళ్ళు. వాని గాదె ఇంకా నిండుతున్నది. ముత్తాత కథ వాడు నన్ను అడిగినప్పుడల్లా ఇద్దరి కథా చెబుతున్నాను.